‘వెళ్లింది’కీ ‘వెళ్లిపోయింది’కీ మధ్య ఒక ఓటు

2019 ఏప్రిల్ 11న శాసనసభకూ లోక్‌సభకూ ఒకేసారి పోలింగు జరిగినప్పుడు నేను కోనసీమలో ఒక లంక గ్రామపు ప్రాథమిక పాఠశాలలో మొదటి పోలింగు అధికారిగా కూర్చున్నాను. ఓటరు జాబితా ముందు పెట్టుకొని, వచ్చినవారి స్లిప్పులోని వరుస సంఖ్య చూసి, ఏజెంట్లకు వినపడేలా పేరు పైకి చదివి, ఆ పేరు కింద గీత గీయడం నా పని. పదకొండు గంటల వేళ ఒక పెద్దాయన పాయ అవతలి పాకల నుంచి పడవలో వచ్చి, ప్లాస్టిక్ కవరులో భద్రంగా చుట్టి తెచ్చుకున్న ఓటరు కార్డును నా బల్ల మీద పెట్టారు. కార్డు సంఖ్యను బట్టి వెతికాను, ఇంటి నెంబరును బట్టి వెతికాను, ఇంటిపేరును బట్టి కూడా వెతికాను. ఆయన పేరు లేదు. ‘మీ పేరు జాబితాలో లేదు బాబాయ్’ అన్నాను. ఆయన కోప్పడలేదు. ‘ఈ కార్డు ఇచ్చింది మీరే కదా మాస్టారూ’ అని అడిగి, జవాబు కోసం కాసేపు నిలబడి, వెనక వరుసలో వాళ్లు తొందరపెడుతుంటే కవరు మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయారు.

యంత్రాలూ కాగితాలూ అప్పగించి ఆ రాత్రి బయటపడేసరికి బాగా పొద్దుపోయింది. ఫోను తీసి చూస్తే అమ్మ నుంచి నాలుగు కాల్స్ ఉన్నాయి. తెల్లవారి మాట్లాడితే తెలిసింది, మా ఊరి బడిలో ఆమెనూ అదే మాట చెప్పి వెనక్కి పంపారని. నేను ఒక బడిలో కూర్చొని ఎవరి తండ్రినో తిప్పి పంపిన రోజునే, మరో బడిలో నాలాంటి మాస్టారే మా అమ్మను తిప్పి పంపారు. అప్పటికి ఆమెకు 78 ఏళ్లు. 1967 నుంచి ఒక్క ఎన్నికా వదలకుండా ఓటు వేసిన మనిషి.

ఎలా జరిగిందో తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. 2018లో అమ్మకు మోకాలి ఆపరేషను అయింది. మా తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు కనుక అక్కడే చేయించి, ఆరు నెలలు తన దగ్గరే ఉంచుకున్నాడు. నేను ఉద్యోగరీత్యా వేరే ఊళ్లో ఉండేవాడిని. ఇల్లు తాళం వేసి ఉంది. జాబితా సవరణ కోసం ఇంటింటికీ తిరుగుతున్న బూత్ లెవల్ ఆఫీసరు వచ్చి పక్కింటివాళ్లను అడిగితే, వాళ్లు ‘హైదరాబాదు వెళ్లిపోయింది’ అన్నారట. వాళ్లకు అమ్మంటే ఎంతో ఆపేక్ష. ఆమె లేక వీధి బోసిపోయిందన్న బెంగతో అన్న మాట అది. కానీ తెలుగులో ‘వెళ్లింది’ అంటే తిరిగి రావచ్చు, ‘వెళ్లిపోయింది’ అంటే ఇక రాదేమో అని. ఆ ‘పోయింది’ని ఆఫీసరు కాగితం మీద పెట్టింది. ఓటరు జాబితా అనుబంధంలో తొలగింపుల పక్కన కారణాన్ని ఇంగ్లీషు అక్షరంతో సూచిస్తారు. చనిపోయినవారికి ‘ఇ’, వేరే చోటికి మారినవారికి ‘ఎస్’, రెండుసార్లు నమోదైనవారికి ‘ఆర్’. అమ్మ పేరు పక్కన ‘ఎస్’ పడింది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఓటు విషయంలో ఇబ్బంది పోలింగు రోజున పుట్టదు, ఆ రోజున బయటపడుతుంది. కనుక ఓటరుకు సాయం అంటే పోలింగు కేంద్రం దగ్గర చక్రాల కుర్చీ, మంచినీళ్ల కుండ, షామియానా మాత్రమే కాదు. పేరు తీసేసేముందు ఆ మనిషికి ఆ సంగతి తెలియజేయడం అన్నిటికంటే పెద్ద సాయం. ఆ సాయం ప్రభుత్వమే, చేతికి కాగితం ఇచ్చి, ఎన్నికలు లేని నెలల్లో కూడా చేయాలి. అది చేయని చోట ఆ ఖాళీలోకి పార్టీ మనిషి వస్తాడు, వచ్చాడు.

చట్టం అమ్మ పక్షానే ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్, తన సాధారణ నివాసం నుంచి తాత్కాలికంగా దూరంగా ఉన్నంత మాత్రాన ఎవరూ ఆ నివాసాన్ని కోల్పోయినట్టు కాదని స్పష్టంగా చెబుతుంది. అదే చట్టం 22వ సెక్షన్ ప్రకారం, ఫలానా మనిషి ఇక్కడ నివసించడం లేదన్న కారణంతో పేరు తొలగించేముందు, తన మాట చెప్పుకోవడానికి ఆ మనిషికి తగిన అవకాశం ఇచ్చి తీరాలి. సుప్రీంకోర్టు 1995లో లాల్ బాబు హుసేన్ కేసులో ఈ సంగతినే ఇంకా గట్టిగా చెప్పింది. ఒకసారి జాబితాకు ఎక్కిన పేరును, ముఖ్యంగా అంతకుముందు ఎన్నికల్లో ఓటు వేసినవారి పేరును, తీసేయాలంటే న్యాయమైన పద్ధతిలో విచారించాలని. తొలగింపు అన్యాయమనిపిస్తే పదిహేను రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు, అక్కడా కుదరకపోతే ముప్పై రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి చేసుకోవచ్చు. ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. కానీ పేరు పోయిందని తెలియని మనిషి ఏ పదిహేను రోజులను లెక్కపెట్టుకుంటుంది? నోటీసు పంపామని ఓటరు నమోదు చూసే కార్యాలయంలో చెప్పారు. ఎక్కడికి పంపారని అడిగితే, ఇంటికే అన్నారు. ఏ ఇంట్లో మనిషి లేదని పేరు తీశారో ఆ ఇంటికే నోటీసు పంపారు.

మన జనానికి ఇంకా బలంగా ఉన్న ఒక భ్రమ గురించి ఇక్కడ చెప్పాలి. కార్డు ఉంటే ఓటు ఉన్నట్టేనని చాలామంది నమ్ముతారు. లంకలోని పెద్దాయన నమ్మారు, మా అమ్మ నమ్మింది. కార్డు మనిషిని గుర్తించడానికే. ఓటు హక్కు జాబితాలో ఉన్న పేరుది. పేరు ఉండి కార్డు పోయినా ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాసు పుస్తకం, పాన్, డ్రైవింగ్ లైసెన్సు వంటి పన్నెండు రకాల పత్రాల్లో ఏదో ఒకటి చూపించి ఓటు వేయవచ్చు. కార్డు ఉండి పేరు లేకపోతే ప్రిసైడింగ్ అధికారి తలచుకున్నా చేయగలిగింది లేదు. అయితే ఇందులో ఒక సన్నని తేడా ఉంది, అది తెలియక ఓటు పోగొట్టుకునేవారు ఉన్నారు. జాబితాలో పేరు ఉండి, ‘ఇంటి దగ్గర లేరు, మారిపోయారు, చనిపోయారు’ అని బూత్ ఆఫీసరు విడిగా తయారుచేసే జాబితాలో కూడా ఉంటే, ఆ మనిషి స్వయంగా వచ్చి గుర్తింపు పత్రం చూపించి, డిక్లరేషను రాసి, వేలిముద్ర వేసి ఓటు వేయవచ్చు. ఏజెంటు ఎవరైనా ‘ఈమె ఊళ్లో ఉండట్లేదు’ అని అరిచినంత మాత్రాన వెనుదిరగనక్కర్లేదు.

అమ్మ పేరు తిరిగి ఎక్కించడానికి చివరకు ఫారం 6 నింపాము. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు నింపే ఫారం. యాభై ఏళ్లకు పైగా ఓటు వేసిన మనిషి చేత దాని మీద సంతకం పెట్టిస్తున్నప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

ఆ రోజుల్లో మా వీధిలోని పార్టీ కుర్రాడు ఒకడు ఇంటికి వచ్చి, ‘మీరు తిరగడం ఎందుకు మాస్టారూ, అమ్మమ్మ గారి ఆధార్ జిరాక్సూ రెండు ఫొటోలూ ఇవ్వండి, వారంలో చేయించేస్తాను’ అన్నాడు. అతను మంచివాడే. పుష్కరాల్లో, వరదల్లో ముందుండి పనిచేసినవాడు. వద్దని చెప్పి నేనే తిరిగాను. నాకు సెలవులున్నాయి, ఫారాలు చదవడం వచ్చు, కార్యాలయంలో నిలబడి అడిగే అలవాటు ఉంది కనుక వద్దనగలిగాను. రొయ్యల చెరువు మీద రోజు కూలికి వెళ్లే మనిషి వద్దనలేడు, ఒక రోజు మానితే ఆ రోజు కూలి పోతుంది. అందుకే మా డెల్టాలో ఓటుకు సంబంధించిన పనులన్నీ, కొత్త పేర్లు ఎక్కించడం నుంచి పోలింగు నాడు ఆటో పంపడం దాకా, పార్టీల చేతుల మీదుగానే నడుస్తున్నాయి. నేను ఆ కుర్రాళ్లను తప్పుపట్టడం లేదు. ఆ ఏర్పాటు తప్పంటున్నాను. ఓటును పెట్టెలో వేసేటప్పుడు రహస్యంగా ఉంచడానికి ఇంత పెద్ద యంత్రాంగం పెట్టుకొని, ఆ ఓటు పుట్టడానికే ఒక పార్టీ మనిషికి రుణపడి ఉండేలా చేస్తే ఆ రహస్యానికి అర్థం ఏముంది? నా పేరు ఎక్కించినవాడు పోలింగు ముందు రోజు గుమ్మంలోకి వస్తే అతని ముఖం చూడకుండా ఉండడం పల్లెటూళ్లో ఎవరికి సాధ్యం? పైగా ఎక్కించడం తెలిసిన చేయికి తీయించడమూ తెలుసు. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో తొలగింపు కోరే ఫారం 7 దరఖాస్తులు లక్షల్లో వచ్చి పడడం, తమ పేరుతో ఎవరు పెట్టారో తెలియదని జనం పోలీసు స్టేషన్లకు వెళ్లడం, కేసులు నమోదు కావడం అందరికీ గుర్తుండే ఉంటుంది. అబద్ధపు వివరాలతో ఇలాంటి దరఖాస్తు పెడితే ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చని చట్టంలో ఉంది.

నా మాటకు ఎదురు చెప్పేవారి వాదనలో న్యాయం లేకపోలేదు. జాబితాలో చనిపోయినవారి పేర్లు ఏళ్ల తరబడి ఉండిపోతున్నాయి, ఒకే మనిషికి హైదరాబాదులో ఒకటీ ఊళ్లో ఒకటీ రెండు ఓట్లు ఉంటున్నాయి, తొలగింపులు కఠినంగా లేకపోతే దొంగ ఓట్లకు తలుపులు తీసినట్టేనని వారంటారు. నిజమే. మా ఊళ్లో అయిదేళ్ల క్రితం పోయినవారి పేర్లు నేనే చూశాను. కొడుకులు వచ్చి తీయించరు, తండ్రి పేరు చేతులారా కొట్టేయించడానికి మనసు ఒప్పదు. రెండు ఓట్ల సంగతి ఇంకా ఇబ్బందికరమైనది. ఊళ్లో ఓటు ఉంచుకోవడాన్ని సంక్రాంతికి ఊరు రావడంలాగే అనుబంధానికి గుర్తుగా చాలామంది భావిస్తారు. మా తమ్ముడు కూడా అలాగే ఉంచుకున్నాడు. రెండు నియోజకవర్గాల్లో పేరుండడం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధమని చెప్పి, వాడి చేత ఫారం 7 పెట్టించి ఊళ్లోది తీయించాను. వాడు ఒక రోజంతా నాతో మాట్లాడలేదు. ఊళ్లో ఇల్లున్నంత మాత్రాన అది సాధారణ నివాసం కాదని కూడా చట్టం అంటుంది, ఆ మాట మా తమ్ముడికి వర్తిస్తుంది. ఆరు నెలలు వైద్యానికి వెళ్లిన అమ్మకు వర్తించదు. ఈ ఇద్దరికీ తేడా తాళం వేసిన తలుపును చూస్తే తెలియదు, మనిషిని అడిగితేనే తెలుస్తుంది. జాబితా శుభ్రంగా ఉండాలనేవారికీ నాకూ ఇక్కడ తగవే లేదు. అడగకుండా తీసే పద్ధతిలో దొంగ ఓటూ పోదు, అసలు ఓటూ నిలవదు.

ఆడవాళ్ల పేర్ల విషయంలో ఈ దేశానికి మొదటి నుంచీ ఒక గాయం ఉంది. 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలకు జాబితా తయారుచేసినప్పుడు, ఉత్తరాది రాష్ట్రాల్లో ఎందరో స్త్రీలు పరాయివారికి తమ పేరు చెప్పడానికి ఇష్టపడక, ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని మాత్రమే రాయించుకున్నారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలా రాయకూడదని పట్టుబట్టారు, సొంత పేరు నమోదు కాని సుమారు 28 లక్షల మంది స్త్రీలను జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు మన ఆడపిల్లలు పేరు చెప్పడానికి వెనుకాడరు. కానీ పెళ్లయ్యాక వాళ్ల పేరు ఎక్కడ ఉండాలన్నది ఇప్పటికీ ఎవరి పనీ కాకుండా మిగిలిపోతోంది. పుట్టింటి ఊళ్లో ‘పెళ్లి చేసుకొని వెళ్లిపోయింది’ అని తీసేస్తారు. అత్తింటి ఊళ్లో ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషను కార్డులో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయని తిప్పుతారు. మధ్యలో ఒకటి రెండు ఎన్నికలు గడిచిపోతాయి. 2022 ఆగస్టు నుంచి నివాసం మార్పు, వివరాల సవరణ, కార్డు మార్పిడి అన్నిటికీ ఫారం 8 ఒక్కటే సరిపోతుంది, దానిలోనే పాత చోట పేరు పోయి కొత్త చోట చేరుతుంది. పద్దెనిమిది నిండినవారి కోసం ఏడాదిలో జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అని నాలుగు అర్హత తేదీలు కూడా అప్పటి నుంచే వచ్చాయి. మంచి మార్పులు ఇవి. పెళ్లి నమోదు చేసే పంచాయతీ గుమాస్తా ఆ ఫారం ఒకటి చేతిలో పెడితే చాలు.

మా ప్రాంతం నుంచి కువైట్‌కూ ఖతార్‌కూ మస్కట్‌కూ ఇంటి పనికి వెళ్లిన స్త్రీల సంగతి ఇంకా కష్టం. రెండేళ్లకూ మూడేళ్లకూ ఒకసారి నెల సెలవు మీద వచ్చిపోతుంటారు. వాళ్లు వచ్చే నెలలో సవరణ ఉండదు, సవరణ జరిగే నెలల్లో వాళ్లుండరు. వాళ్ల పేర్ల పక్కన కూడా ‘ఎస్’ పడుతుంది. విదేశాల్లో ఉన్న భారత పౌరులకు ఫారం 6ఎ అని ఒకటుంది, పాస్‌పోర్టులో ఉన్న చిరునామాను బట్టి నమోదు చేస్తారు. కానీ ఓటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకొని స్వయంగా ఆ బూతుకు రావాలి. నెల జీతం ఇంటికి పంపే మనిషి ఓటు కోసం విమానం టికెట్టు కొనలేదు. సైనికులకు తపాలా ఓటు ఉంది, ఎన్నికల విధుల్లో ఉన్న మాకు ఉంది. ఎడారి దేశంలో పరాయి ఇంటి వంటగదిలో ఉన్న మా ఊరి ఆడపడుచుకు ఎందుకు లేదో నేను ఎంత ఆలోచించినా సమాధానం దొరకలేదు. భద్రత, లెక్కింపు వంటి చిక్కులు ఉంటాయని తెలుసు. అవి పరిష్కరించుకోదగిన చిక్కులే అని నా నమ్మకం.

ఇక లంకలు. గోదావరి ప్రతి వరదకూ ఎక్కడో ఒక చోట గట్టు కోస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో ఎన్నో లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కోతలో ఇళ్లు పోయినవారు ఏటిగట్టు మీదికో, బంధువుల దొడ్లోకో మారతారు. ఓటరు జాబితాలో మాత్రం వాళ్లు ఏట్లో కలిసిపోయిన ఇంటి నెంబరులోనే ఉంటారు. ఆఫీసరు అక్కడికి వెళితే ఇసుక కనపడుతుంది. కొత్త చోట కరెంటు బిల్లు లేదు, పట్టా లేదు, నివాసానికి రుజువు అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. ఇలాంటివారికి దారి లేదనుకోవద్దు. పత్రాలు లేనప్పుడు ఆఫీసరు స్వయంగా వచ్చి చూసి నివాసాన్ని నిర్ధారించవచ్చు. అసలు ఇల్లే లేనివారి విషయంలో, చెప్పిన చోట ఆ మనిషి నిద్రిస్తున్నాడో లేదో రాత్రిపూట వెళ్లి చూసుకొని నమోదు చేయాలని ఎన్నికల సంఘం సూచనలే ఉన్నాయి. 2019లో నా బల్ల ముందు నిలబడిన పెద్దాయన అలా గట్టు మారినవారేనని నాకు తరువాత ఎప్పుడో తెలిసింది. ఆ రోజు నేను ఆయనకు ఒక ఫారం 6 ఇచ్చి, ఎవరిని కలవాలో ఒక చీటీ మీద రాసి ఇవ్వవలసింది. నా బల్ల మీద అలాంటి ఫారం లేదు, రాసివ్వమని మాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

బూత్ లెవల్ ఆఫీసరును నిందించడం తేలిక. నేను ఆ పని చేయను. మా ఊరి ఆఫీసరు అంగన్‌వాడీ కార్యకర్త. పొద్దున్నే పిల్లలు, మధ్యాహ్నం గర్భిణులకు సరుకులు, సాయంత్రం యాప్‌లలో ఫొటోలు, ఆ మిగిలిన సమయంలో వెయ్యిమందికి పైగా ఓటర్ల వివరాలు. ఈ పనికి ఏడాదికి 6 వేల రూపాయలుగా ఉన్న కనీస గౌరవ వేతనాన్ని 2025లో 12 వేలు చేశారు, అంటే నెలకు వెయ్యి. అమ్మ పేరు తీసింది ఆమే. అడిగితే దాచకుండా చెప్పింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. తాళం వేసిన ఇంటికి మూడోసారి వెళ్లడానికి ఆమెకు సమయం లేదు. ఆమె దగ్గర అమ్మ ఫోను నంబరు గానీ మా అన్నదమ్ముల నంబర్లు గానీ లేవు. ఒక్క ఫోను చేయగలిగితే ఇదంతా జరిగేది కాదు.

ఫోను దగ్గర మరొక చిక్కు. ఇప్పుడు నమోదు అంతా ఎన్నికల సంఘం పోర్టల్‌లోనూ యాప్‌లోనూ ఇంట్లో కూర్చొని చేసుకోవచ్చంటారు. చదువుకున్నవాళ్లకు అది నిజంగా మేలు. మిగిలినవారు నెట్ సెంటరుకు వెళతారు. అక్కడి కుర్రాడు ఓటీపీ కోసం మళ్లీ మళ్లీ పిలవడం ఎందుకని తన నంబరే పెట్టేస్తాడు. దరఖాస్తు తిరస్కరిస్తే ఆ సమాచారం అతని ఫోనుకు వస్తుంది, అతను ఎవరిదో మరిచిపోతాడు. దరఖాస్తు సంఖ్య రాసుకొని రావాలని కూడా చాలామందికి తెలియదు. అందుకే నేను ఎవరు అడిగినా మొదట రెండు మాటలు చెబుతాను. ఫోను నంబరు మీ ఇంట్లోవాళ్లదే పెట్టించండి, దరఖాస్తు సంఖ్య కాగితం మీద రాయించుకోండి. ఆ దరఖాస్తు సంఖ్య చేతిలో ఉంటే ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోను చేసి అడగవచ్చు, తహసీల్దారు కార్యాలయంలో నిలదీయవచ్చు. నోటిమాటగా అడిగినదానికి నోటిమాటగానే జవాబు వస్తుంది.

పట్టభద్రుల ఓటు గురించి ఒక్క మాట, ఎందుకంటే మా రెండు గోదావరి జిల్లాల్లో చదువుకున్నవారే ఎక్కువగా మోసపోయేది ఇక్కడ. శాసనమండలి పట్టభద్రుల నియోజకవర్గానికి ప్రతిసారీ జాబితా కొత్తగా మొదటి నుంచి తయారుచేస్తారు. పోయినసారి వేశాము కదా అని కూర్చుంటే పేరు ఉండదు, ఫారం 18 మళ్లీ ఇవ్వాలి. 2025 ఫిబ్రవరి 27న జరిగిన ఎన్నికలో నా పాత విద్యార్థులు, ఇంజినీర్లూ లాయర్లూ, ఆ రోజు ఉదయం నాకు ఫోను చేసి ‘మా పేర్లు లేవు మాస్టారూ’ అన్నారు. చదువు లేకపోవడం వల్లనే ఓట్లు పోతున్నాయనుకునేవారు దీన్ని గమనించాలి.

పోలింగు కేంద్రంలో దొరికే సాయం గురించి నాకు తెలిసినంతలో చెబుతాను. ప్రిసైడింగ్ అధికారిగా ఒకసారి పనిచేసినప్పుడు, కళ్లు కనపడని ముసలమ్మను ఒక కుర్రాడు సహాయకుడిగా తీసుకొచ్చాడు. గంట తరువాత మరొకరిని తెచ్చాడు. నేను ఆపాను. చూపు లేనివారికీ శరీరం సహకరించనివారికీ పద్దెనిమిదేళ్లు నిండిన ఒక సహాయకుణ్ణి తెచ్చుకునే హక్కు ఉంది, కానీ ఒక మనిషి ఆ రోజు ఒక్కరికే సహాయకుడు కాగలడు, ఓటు రహస్యాన్ని కాపాడతానని రాసి ఇవ్వాలి. అతను నన్ను ‘ముసలివాళ్లకు సాయం చేస్తుంటే అడ్డుపడతారేంటండీ’ అని అడిగాడు. ఆమె మనవరాలు బయటే ఉంది. ఆ అమ్మాయిని పిలిపించాను. ఇంకో సంగతి, మీరు వెళ్లేసరికి మీ ఓటు ఎవరో అప్పటికే వేసేసి ఉంటే ఏడ్చుకుంటూ వెళ్లకండి. మీరెవరో రుజువు చేసుకుంటే టెండరు ఓటు కింద మీకు బ్యాలెట్ కాగితం ఇచ్చి తీరాలి. దాన్ని మామూలు లెక్కింపులో కలపరు గానీ, ఫలితం కోర్టుకు వెళితే అది సాక్ష్యంగా నిలుస్తుంది. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నాయకుడు సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడినప్పుడు టెండరు ఓట్ల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సాయంత్రం గడువు ముగిసే వేళకు వరుసలో నిలబడి ఉన్న ప్రతి ఒక్కరికీ చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలు ఇస్తారు, ఎంత రాత్రయినా వాళ్లు ఓటు వేయవచ్చు. ఇంటి దగ్గరే ఓటు వేసే అవకాశం 2024 ఎన్నికల నాటికి 85 ఏళ్లు దాటినవారికీ, 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నవారికీ ఉంది, ముందుగా ఫారం 12డి ఇవ్వాలి. అంతకుముందు ఆ వయసు 80. అమ్మకు అప్పుడు 83 కనుక 2024 మే 13న బడికే తీసుకువెళ్లాను. బయలుదేరేముందు నాలుగుసార్లు అడిగింది, ‘నా పేరు ఉందా, నువ్వు చూశావా’ అని.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రతి సవరణలోనూ తొలగించబోయే పేర్లను కారణంతో సహా తెలుగులో పంచాయతీ గోడ మీదా, గ్రామ సచివాలయంలోనూ, రేషను డిపో దగ్గరా అంటించాలి. నోటీసు తాళం మీద కాకుండా మనిషికి అందాలి, అందుకు ప్రతి ఇంటి నుంచి ఊళ్లో లేని దగ్గరి బంధువు నంబరు ఒకటి కూడా తీసుకోవాలి. బీహార్‌లో 2025లో జరిగిన ప్రత్యేక సవరణ ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయినప్పుడు, ఆ పేర్లను కారణాలతో సహా బయటపెట్టాలని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించింది, కొద్ది రోజుల్లోనే ఎన్నికల సంఘం ఆ జాబితాలు పెట్టింది. 65 లక్షల పేర్లకు సాధ్యమైనది మా ఊరి ముప్పై నలభై పేర్లకు ఎందుకు సాధ్యం కాదు? ముసాయిదా జాబితాను గ్రామసభలో చదివి వినిపించాలన్న సూచన కూడా కొత్తది కాదు, చాలా చోట్ల అది రిజిస్టరులో సంతకాలకే పరిమితమైంది.

ఉద్యోగ విరమణ తరువాత నేను ఊరికి వచ్చేశాను. పోయిన సవరణలో ఆ అంగన్‌వాడీ ఆమెనూ, మరో ఇద్దరు పెద్దలనూ ఒప్పించి, రామాలయం అరుగు మీద కూర్చొని తొలగింపు కోసం గుర్తించిన పేర్లను పైకి చదివాము. రెండు పార్టీల కుర్రాళ్లూ వచ్చారు, ఎవరూ గొడవపడలేదు. పదకొండు పేర్లలో ఏడుగురు చనిపోయినవారే. ఒకావిడ కాపురం పాలకొల్లుకు మారింది, ఆమె వాళ్ల అన్నకు ఫారం 8 ఇచ్చి పంపాము. ఇద్దరి వివరం తేలలేదు. పదకొండో పేరు చదవగానే ఒక పెద్దావిడ లేచి, ‘ఆయన ఎక్కడికీ పోలేదు, రాజమండ్రిలో కూతురి దగ్గర కంటి మందు వేయించుకుంటున్నాడు, వరి కోతలకి వచ్చేస్తాడు’ అంది. అక్కడికక్కడే ఆ కూతురికి ఫోను చేసి స్పీకరు పెట్టాము. ఆయన ‘ఎవరు తీస్తున్నారు, ఎందుకు తీస్తున్నారు’ అని రెండుసార్లు అడిగి, ఆఫీసరు తన పేరు చెప్పుకున్నాక ‘ఉంచమ్మా, నేను వస్తున్నాను’ అన్నారు. ఆమె ఆ పేరు ఎదురుగా ఉన్న గుర్తు కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టి, ఆ కూతురి ఫోను నంబరు తన పుస్తకంలో రాసుకుంది.